నాలుగేళ్లు, నాలుగు నోట్‌బుక్కులు: గోడ క్యాలెండర్ పద్ధతితో నా అనుభవం

2021 ఉగాది నాడు, అంటే ఏప్రిల్ 13న, వంటింటి గోడకి ఒక క్యాలెండర్ తగిలించి, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ మొదటి పేజీలో మూడు వాక్యాలు రాసుకున్నాను. ఇప్పటికి అలాంటి నోట్‌బుక్కులు నాలుగు నిండాయి. ఐదోది నడుస్తోంది. పెట్టుకున్న లక్ష్యాల కోసం రోజూ చేసిన పనికి క్యాలెండర్ గడిలో గుర్తు పెట్టుకునే ఈ పద్ధతి గురించి స్కూల్లో తోటి టీచర్లు అడిగినప్పుడల్లా ఇంటర్వెల్‌లో ఐదు నిమిషాల్లో చెప్పేసేదాన్ని. అలా విని మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది రెండు నెలలకే ఆపేశారు. నేను చెప్పడంలో ముఖ్యమైనదేదో వదిలేస్తున్నానని అప్పుడు అర్థమైంది. అందుకే ఈసారి తీరిగ్గా, చెడిన చోట్లతో సహా రాస్తున్నాను.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. మొదలుపెట్టేనాటికి నాకు 41 ఏళ్లు. ఆ మూడు వాక్యాలు ఇవి: హెడ్మాస్టర్ ప్రమోషన్‌కి కావాల్సిన డిపార్ట్‌మెంటల్ టెస్టులు, అంటే జీఓటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్), ఈఓటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్) పాసవ్వాలి. షుగర్ రాకుండా చూసుకోవాలి. అత్తయ్యగారి ఆపరేషన్‌కి బ్యాంకులో కుదువపెట్టిన నా గాజులు, గొలుసు విడిపించాలి.

అంతకుముందు ఫోన్లో రోజువారీ అలవాట్లు లెక్కపెట్టే యాప్‌లు రెండు మూడు వాడాను. వాటిలో నాకు పడనిది ఒక్కటే. వరసగా 19 రోజులు చేసి 20వ రోజు తప్పితే అంకె మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. ఇంట్లో అత్తయ్యకి జ్వరమొస్తే నేను నడవలేదు. దానికి ఆ 19 రోజులు నడిచింది కూడా లేకుండా పోవడం నాకు అన్యాయంగా తోచేది. ఆ సున్నా చూశాక మర్నాడు మొదలుపెట్టాలని కూడా అనిపించేది కాదు. కాగితం మీద అయితే నిన్నటి గుర్తు నిన్నటి గడిలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపరు.

పద్ధతి చెబుతాను. కావాల్సినవి గళ్లు పెద్దగా ఉన్న గోడ క్యాలెండర్, నోట్‌బుక్, నీలం పెన్ను, ఎర్ర పెన్ను. మా ఇంట్లో ఎప్పుడూ వెంకట్రామ క్యాలెండరే ఉంటుంది కాబట్టి అదే వాడాను. తిథి, వర్జ్యం పోగా గడిలో మూడు చిన్న గుర్తులకి చోటు సరిపోతుంది. మొత్తం ఖర్చు ఏడాదికి 150 రూపాయల లోపే.

ప్రతి లక్ష్యానికీ రోజూ చేసే ఒక్క పని రాసుకోవాలి. అది ఎప్పుడు, దేని తర్వాత చేస్తానో కూడా అదే వాక్యంలో ఉండాలి. 'రోజూ చదవాలి' అని కాకుండా 'పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు కుర్చీలో కూర్చుని రూల్స్ పుస్తకం తెరుస్తాను' అని రాసుకున్నాను. 'నడవాలి' అని కాకుండా 'స్కూలు నుంచి వచ్చాక చెప్పులు విప్పకుండా, సంచి గుమ్మంలో పెట్టి అలాగే చెరువుగట్టు మీదకి వెళ్తాను' అని. ఇలా ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే రాసుకోవడం మీద పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్లు పనిచేశారని తర్వాత చదివాను. నాకైతే చెప్పుల విషయంలో తేడా మొదటి వారంలోనే తెలిసింది. ఒకసారి చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టానంటే ఇక ఇల్లు నన్ను వదలదు. కాఫీ, అంట్లు, అత్తయ్య మాత్రలు, అమ్మాయి ఏదో అడగడం. గుమ్మం బయటే తిరిగిపోతే అరగంటలో వచ్చేస్తాను, ఎవరికీ ఏ లోటూ జరగదు.

ప్రతి పనికీ ఒక 'కనీసం' కూడా రాసుకోవాలి. చదువుకి కనీసం రెండు పేజీలు, నడకకి కనీసం పది నిమిషాలు, బంగారానికి కనీసం 20 రూపాయలు డబ్బాలో వేయడం. అనుకున్నంత చేస్తే గడిలో నీలం టిక్కు. కనీసం చేస్తే నీలం చుక్క. ఏమీ చేయకపోతే ఖాళీ. ఖాళీ గడిలో ఎర్ర ఇంటూ పెట్టకూడదని మొదటి నెలలోనే నిర్ణయించుకున్నాను. రోజంతా పిల్లల పేపర్ల మీద ఎర్ర పెన్ను పెట్టేదాన్ని, అది పిల్లల ముఖంలో ఏం చేస్తుందో చూస్తూనే ఉంటాను.

మరి ఎర్ర పెన్ను ఎందుకంటే, ఆదివారం కోసం. నేను ఇంటర్వెల్‌లో చెప్పేటప్పుడు వదిలేసింది ఇదే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పావుగంట కూర్చుని, ఆ వారంలో ఖాళీగా ఉన్న గళ్లన్నీ నోట్‌బుక్‌లో దింపుకుంటాను. పక్కన ఎర్ర సిరాతో 'ఎందుకు' అని ఒక్క ముక్క. 'బద్ధకం' అని రాయడం నాకు నేనే నిషేధించుకున్నాను, ఎందుకంటే దాంతో చేయగలిగేదేమీ లేదు. ఏం జరిగిందో రాయాలి. బస్సు ఆలస్యం. కరెంటు లేదు. చుట్టాలు. తలనొప్పి. రాత్రి పదకొండున్నరకి పడుకున్నాను.

మొదటి ఏడాది నవంబర్లో ఒక ఆదివారం ఆ ఎర్ర ముక్కలన్నీ వెనక్కి తిరగేస్తే, నడక ఖాళీల్లో ఎక్కువ భాగం మంగళవారాలే అని బయటపడింది. లెక్కల టీచర్ని కదా, వెంటనే పట్టీ వేశాను. పదకొండు వారాల్లో తొమ్మిది మంగళవారాలు ఖాళీ. మా ఊళ్లో మంగళవారం సంత. బస్సు దిగి నేరుగా సంతకి వెళ్లి, రెండు చేతులా కూరల సంచులతో ఇంటికి వచ్చేసరికి చీకటి పడేది, చేతులు లాగేసేవి. అప్పటిదాకా నాకు పట్టుదల తక్కువని ఎంత బాధపడ్డానో! తప్పు నా పట్టుదలలో లేదు, మంగళవారంలో ఉంది. మంగళవారానికి వేరే వాక్యం రాసుకున్నాను: 'ఏమీ కొనకముందు, ఖాళీ సంచితో సంత చుట్టూ రెండు రౌండ్లు.' దానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. పైగా ఎవరి దగ్గర వంకాయలు బాగున్నాయో, ఎవరు ఎంత చెబుతున్నారో ముందే తెలిసిపోతుంది. ఆ తర్వాత మంగళవారాల్లో చుక్కలు రావడం మొదలైంది.

మా స్కూల్లో తెలుగు మాస్టారు ఒకాయన క్యాలెండర్ మాత్రం పెట్టుకుని, ఆదివారం కూర్చోవడం దండగన్నారు. ఆయనకి రెండో నెలలో ఖాళీలు పెరిగాయి. అవి ఎందుకో తెలియలేదు, తనకిది కుదరదని తేల్చేసుకున్నారు. ఆయన నాకన్నా క్రమశిక్షణ ఉన్న మనిషి. ఆయనకి కుదరకపోవడం నాకు నిజంగా బాధ అనిపించింది, ఎందుకంటే నేను సరిగ్గా చెప్పి ఉంటే కుదిరేది.

ఇక మొదలు ఎలా సాగిందో కూడా చెప్పాలి. ఉగాదికి మొదలుపెట్టాను, రెండు వారాలు తిరక్కుండానే కరోనా సెకండ్ వేవ్‌లో ఇంటిల్లిపాదీ పడ్డాం. క్యాలెండర్ మీద 23 రోజులు వరసగా ఖాళీ. ఫోన్ యాప్ అయితే అక్కడితో సరి. లేచి తిరగగలిగిన రోజు నోట్‌బుక్‌లో 'కోవిడ్, అందరం బతికాం' అని రాసి, ఆ రోజు పది నిమిషాలు వరండాలోనే నడిచి చుక్క పెట్టాను. ఆ చుక్క పెట్టినప్పుడు కళ్లు చెమర్చాయి.

అలవాటు 21 రోజుల్లో పడుతుందనే మాట చాలా చోట్ల వింటుంటాం. నా విషయంలో అది అస్సలు నిజం కాలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. అందులో అలవాటు దానంతటదే జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని, కొందరికి 18 రోజులకే వస్తే కొందరికి 254 రోజుల దాకా లెక్క తేలిందని ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా వాళ్లు గమనించారు. నాకు చదువు రెండు నెలల్లో అలవాటైంది. నడక మాత్రం ఆరు నెలలు దాటాకే, చెప్పులతో గుమ్మం దగ్గర ఆగినప్పుడు ఆలోచించాల్సిన అవసరం లేకుండా పోయింది. 22వ రోజున ఇంకా కష్టంగానే ఉందని దిగులుపడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కష్టం మామూలే. దయచేసి ఆపకండి.

ఫలితాలు. టెస్టుల్లో మొదటిసారి ఒక పేపర్ పోయింది. 40 రావాల్సిన చోట 36 వచ్చాయి. అవి ఏడాదికి రెండుసార్లు పెడతారు కాబట్టి తర్వాతి సెషన్లో రాసి గట్టెక్కాను. ప్రమోషన్ ఇంకా రాలేదు. సీనియారిటీ, ఖాళీలు నా చేతిలో లేవు. అందుకే మొదటి పేజీలో 'హెడ్మాస్టర్ అవ్వాలి' అని రాయకుండా 'టెస్టులు పాసవ్వాలి' అని రాసుకున్నందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. లేకపోతే చేసిందంతా చేసి కూడా ఓడిపోయినట్టే ఉండేది.

షుగర్‌కి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకునేదాన్ని. అది దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ముందు రోజు ఒకపూట తిండి తగ్గించి దాన్ని మాయ చేయలేం. 5.7 నుంచి 6.4 వరకు షుగర్ వచ్చే అంచున ఉన్నట్టు, 6.5 నుంచి షుగర్ ఉన్నట్టు. నాది మొదట్లో 6.3. మా అమ్మకి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు, ఆ 6.3 చూసిన రోజు నాకు రాత్రంతా నిద్ర లేదు. ఏడాదికి 6.0, రెండేళ్లకి 5.8, మొన్నటిది 5.9. నడకతో పాటు డాక్టర్ చెప్పినట్టు రాత్రి అన్నం తగ్గించడం కూడా ఉంది, మొత్తం ఘనత క్యాలెండర్‌కి ఇవ్వను. కానీ క్యాలెండర్ లేకపోతే ఆ నడక ఉండేది కాదు.

బంగారం 27 నెలలకి ఇంటికొచ్చింది. రోజుకి 20 రూపాయలతో గొలుసు విడుదల కాదని మా ఆయన మొదట్లో అన్నారు. నిజమే, అసలు తీరింది నెలజీతంలోంచి కట్టిన డబ్బుతోనే. కానీ రోజూ డబ్బాలో నోటు వేయడం వల్ల ఆ అప్పు ఏ రోజూ మరపున పడలేదు. అంతకుముందు ఏటా వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ వచ్చాం. డీఏ బకాయిలు పడిన నెలలో చీర కొనబోయి, డబ్బా గుర్తొచ్చి బ్యాంకుకి వెళ్లాను.

ఇప్పుడు చెడిన సంగతి. మూడో ఏడాది, 2023 ఉగాదికి, ధైర్యం ఎక్కువై ఏడు లక్ష్యాలు రాశాను. ఇంగ్లీషు మాట్లాడటం, సూర్య నమస్కారాలు, పెరటి మొక్కలు, ఇంకా ఏవో. గడిలో ఏడు గుర్తులకి చోటే లేదు, అప్పుడే తెలుసుకోవాల్సింది. దసరా సెలవులకల్లా నడక తప్ప అన్నీ ఖాళీ. ఆదివారం పావుగంట కాస్తా గంటన్నర అయింది, దాంతో ఆదివారాలు కూడా ఎగ్గొట్టడం మొదలుపెట్టాను. చదువు అలవాటైపోయిందనుకున్నది కూడా అప్పుడే జారిపోయింది. కొత్తవి ఇముడ్చుకోబోయి పాతవి పోగొట్టుకోవడం ఈ నాలుగేళ్లలో నాకు తగిలిన పెద్ద దెబ్బ. మూడుకి మించి వద్దు అని ఎవరికైనా గట్టిగా చెబుతున్నాను.

ఆ ఏడింటిలో ఒకటి గురించి రాయకుండా ఉండలేను. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. 'అమ్మాయి రోజూ రెండు గంటలు చదవాలి' అని నా క్యాలెండర్లో పెట్టాను. మంచి ఉద్దేశంతోనే. మూడు వారాల తర్వాత ఒక రాత్రి అది వంటింట్లోకి వచ్చి క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది. "అమ్మా, నీ ఖాళీలకి నువ్వు కారణం రాసుకుంటావు. నా ఖాళీలకి కారణం నన్ను అడిగావా?" అంది. నేను అడగలేదు. బయాలజీలో ఒక పాఠం అర్థం కాక అది రోజూ ఆ పుస్తకం ముందు కూర్చుని ఏడ్చేదట. ఆ రాత్రే ఆ గీత కొట్టేశాను. మర్నాడు మా స్కూల్లో బయాలజీ చెప్పే మేడమ్‌ని అడిగి, ఆదివారాలు వాళ్లింటికి పంపాను. ఈ పద్ధతి మన పనికే. ఇంకో మనిషిని దీంట్లోకి లాగితే అది కాపలా అవుతుంది.

ఇంకో లోటు కూడా ఉంది. రోజూ కొంచెం కొంచెం చేసేవాటికే ఇది బాగా పనికొస్తుంది. నాలుగో ఏడాది ఇంటి మీద రేకుల గది వేయించాం. దాన్ని లక్ష్యంగా రాస్తే ఏ రోజు ఏ గుర్తు పెట్టాలో తెలియలేదు. మేస్త్రీ రావాలి, ఇసుక రావాలి, వాన తగ్గాలి. అలాంటివాటికి మామూలు పనుల జాబితా చాలు. అలాగే షిఫ్టులు మారే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి 'దేని తర్వాత' అనేది కుదరడం కష్టం. మా తమ్ముడు పేపర్ మిల్లులో మూడు షిఫ్టుల్లో పనిచేస్తాడు, వాడు షిఫ్టుకో వాక్యం చొప్పున మూడు రాసుకుని ఏదోలా నడిపిస్తున్నాడు.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారు. నేను ఉగాది అన్నాను గానీ, టీచర్‌గా నాకు అసలు కొత్త ఏడాది స్కూళ్లు తెరిచే జూన్‌లోనే. టైం టేబుల్ మారుతుంది, బస్సు టైమూ మారుతుంది, దాంతో ఏప్రిల్లో రాసుకున్న వాక్యాలన్నీ తారుమారు. కాబట్టి ఇప్పుడు ఉగాదికి లక్ష్యాలు రాస్తాను, ఎప్పుడు, దేని తర్వాత అనేది జూన్ రెండో వారంలో టైం టేబుల్ చేతికొచ్చాక రాస్తాను.

ఐదో నోట్‌బుక్ మొదటి పేజీలో రెండు వాక్యాలే ఉన్నాయి. నడక అలాగే ఉంది. రెండోది, పదో తరగతిలో లెక్కలంటే భయపడే ఆరుగురు పిల్లలతో రోజూ ప్రేయర్‌కి ముందు ఒక్క లెక్క చేయించడం. వాళ్లు ఎంత నేర్చారన్నది కాదు, నేను ఆ లెక్క సిద్ధం చేసుకుని వెళ్లానా లేదా అన్నదానికే గుర్తు. మూడో గీత ఖాళీగా ఉంచాను. అమ్మాయి డిగ్రీకి హాస్టల్‌కి వెళ్తే సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇంకా నాకు తెలియదు.