ఆఫీసు కంప్యూటర్లకు విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ సరిపోతుందా, వేరేది కొనాలా?

ఖర్చు: డిఫెండర్ విండోస్ 10, 11తో పాటే వస్తుంది, విడిగా కట్టేదేమీ లేదు. కొన్నదానికి ఏటా రెన్యువల్ తప్పదు.

శ్రమ: డిఫెండర్ తనంతట తానే అప్‌డేట్ అవుతుంది, కానీ సరిగ్గా నడుస్తోందా అని ఒక్కో సిస్టమ్ దగ్గరికీ వెళ్లి చూడాలి. బిజినెస్ ప్యాక్ (ఆఫీసుల కోసం అమ్మే యాంటీవైరస్) కొంటే ఎవరి సిస్టమ్‌లో ఏం దొరికిందో ఒకేచోట కనిపిస్తుంది. చాలా ప్యాకుల్లో పెన్‌డ్రైవ్‌లను అక్కడి నుంచే ఆపేయొచ్చు. జెరాక్స్ షాపుకీ ఆఫీసుకీ పెన్‌డ్రైవ్ తిరిగే చోట, నా లెక్కలో, ఈ ఒక్కదానికే డబ్బు పెట్టొచ్చు.

రిస్క్: ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే అప్‌డేట్లు) వేయకపోతే రెండూ అంతంతే. 2017 మేలో, ఫైళ్లను లాక్ చేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. లాక్ అయిపోయిన ఫైళ్లు తిరిగి రావాలంటే విడిగా తీసిపెట్టిన బ్యాకప్పే దిక్కు. 

రెండూ కలిపి వాడదామా? వేరేది వేస్తే మామూలుగా డిఫెండర్ తానే పక్కకు తప్పుకుంటుంది.

నాలుగైదు సిస్టమ్‌లు, అప్‌డేట్లు చూసే మనిషి ఉంటే డిఫెండర్ చాలు. సిస్టమ్‌లు ఎక్కువై, కస్టమర్ల ఆధార్, బ్యాంకు వివరాలు కూడా ఉంటే బిజినెస్ ప్యాక్ కొనండి.