ఉబర్, లిఫ్ట్ ప్రయాణంలో దెబ్బ తగిలితే ఏ దారి మేలు?

అమెరికాలో యాప్‌తో బుక్ చేసుకునే ఉబర్‌లోనో లిఫ్ట్‌లోనో వెళ్తుండగా ప్రమాదం జరిగిందనుకోండి. వెనక సీట్లో కూర్చున్న మీ తప్పు అందులో దాదాపుగా ఉండదు. కాబట్టి పరిహారం అడిగే హక్కు గురించి పెద్దగా అనుమానం అక్కర్లేదు. ఎవరి ఇన్సూరెన్స్ ఇస్తుంది, ఎంత ఇస్తుంది, అప్పటిదాకా ఆసుపత్రి బిల్లులు ఎవరు కడతారు అన్నవే చిక్కు ప్రశ్నలు. ఆ టెన్షన్‌లో చాలామంది ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చెప్పిన మొత్తానికే సంతకం పెట్టేస్తారు. అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది తప్పు ఎవరిదన్నది. మీ డ్రైవర్‌దే అయితే, డబ్బు విషయంలో మీ పరిస్థితి నయమే. రైడ్ నడుస్తున్నంతసేపూ చాలా రాష్ట్రాల్లో కంపెనీ తరఫున 10 లక్షల డాలర్ల లయబిలిటీ కవరేజీ, అంటే తప్పు చేసిన డ్రైవర్ తరఫున దెబ్బ తగిలినవాళ్ళకు ఇచ్చే ఇన్సూరెన్స్, ఉంటుంది. డ్రైవర్ సొంత కారు పాలసీని మాత్రం నమ్ముకోకండి. కారును కిరాయికి తిప్పేటప్పుడు అది వర్తించదని మామూలుగా ఆ పాలసీల్లోనే రాసి ఉంటుంది.

ఎదుటి కారు వచ్చి గుద్దితే కథ వేరు. అప్పుడు మొదట అడగాల్సింది ఆ డ్రైవర్ ఇన్సూరెన్స్‌ను. కాలిఫోర్నియాలో ఆ పాలసీకి చట్టం అడిగే కనీస మొత్తం మనిషికి 30,000 డాలర్లే. అదీ 2025 జనవరి నుంచి. అంతకు ముందు 15,000. ఎముక విరిగి ఆపరేషన్ అయితే ఆ డబ్బు ఏ మూలకూ రాదు. అలాంటప్పుడు ఆదుకునేది అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ, అంటే ఎదుటి డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ చాలకపోతే మీవైపు నుంచి వచ్చేది. అసలు ఇన్సూరెన్సే లేకపోతే వచ్చేది అన్‌ఇన్సూర్డ్ కవరేజీ. యాప్ కంపెనీలు ఈ రెండింటి కోసం 10 లక్షల డాలర్ల కవరేజీ ఉంచాలని కాలిఫోర్నియా చాలా ఏళ్ళు నిబంధన పెట్టింది. 2026 జనవరి 1 నుంచి దాన్ని మనిషికి 60,000, ప్రమాదం మొత్తానికి 3 లక్షల డాలర్లకు తగ్గించేశారు. పైగా అక్కడ ఎదుటి డ్రైవర్ పాలసీ ఇచ్చింది ఇందులోంచి మినహాయిస్తారు. అటు 30,000 వస్తే ఇటు మిగిలేది 30,000. అదే దెబ్బ, అదే సీటు, కానీ తప్పు మీ డ్రైవర్‌దైతే 10 లక్షల దాకా, ఎదుటి డ్రైవర్‌దై అతనికి కనీస ఇన్సూరెన్సే ఉంటే 60,000 దాకా. ప్రయాణికుడికి ఇది ఘోరమైన అన్యాయమని నా అభిప్రాయం. అందుకే మీకు సొంత కారు ఉంటే, మీ పాలసీలో ఈ కవరేజీ ఎంతుందో ఇవాళే చూసుకోండి. మీరు వేరేవాళ్ళ కారులో ఉన్నప్పుడు కూడా అది పనికొచ్చే అవకాశం ఉంది. ఇద్దరు డ్రైవర్ల తప్పూ ఉందనిపిస్తే ఇద్దరి ఇన్సూరెన్సుల మీదా క్లెయిమ్ వేయండి.

ఇక బిల్లుల సంగతి. లయబిలిటీ క్లెయిమ్ డబ్బు సాధారణంగా చివర్లో, ఒకేసారి వస్తుంది. దానికి నెలలు పట్టొచ్చు. అది వచ్చేదాకా వైద్యం వాయిదా వేయడం కంటే పెద్ద పొరపాటు లేదు. మీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు మొదటిరోజే ఇవ్వండి. కారు ప్రమాదం కదా, సెటిల్మెంట్ (పరిహారం డబ్బు) వచ్చాక తీసుకుంటాం అని కొన్ని ఆసుపత్రులు అంటాయి. హెల్త్ ఇన్సూరెన్స్‌తో మాట్లాడుకున్న తగ్గింపు రేటు కంటే పూర్తి బిల్లు వాళ్ళకు లాభం మరి. గట్టిగా అడగండి. తర్వాత సెటిల్మెంట్ వచ్చినప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ తాను కట్టింది తిరిగి ఇమ్మని అడగొచ్చు. దాన్ని బేరమాడి తగ్గించుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. న్యూయార్క్ లాంటి నో-ఫాల్ట్ రాష్ట్రాల్లో తప్పెవరిదన్నదానితో పనిలేకుండా కారు ఇన్సూరెన్సే ముందు బిల్లులు కడుతుంది. న్యూయార్క్‌లో అది 50,000 డాలర్ల దాకా వస్తుంది, కానీ ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు నో-ఫాల్ట్ క్లెయిమ్ ఫారం పంపాలి. చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు దెబ్బ తగిలితే ఇంకో జాగ్రత్త: విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఫిక్స్‌డ్ రకం ఒక్కో చికిత్సకు ముందే రాసుకున్నంతే ఇస్తుంది, మిగతాది నెత్తిన పడుతుంది. ఎదుటివాళ్ళ ఇన్సూరెన్స్‌ను అడగడానికి మాత్రం విజిటర్ వీసా అడ్డు కాదు.

లాయర్ కావాలా? ఒళ్ళు నొప్పులతో పోయి, నాలుగు వారాల్లో తగ్గిపోతే మీరే మాట్లాడుకోవడం మేలు. లాయర్లు మామూలుగా మూడో వంతు తీసుకుంటారు, కేసు కోర్టుకెక్కితే 40 శాతం దాకా, ఖర్చులు వేరే. మీకు 9,000 ఇస్తామన్నచోట లాయర్ 12,000 తెచ్చినా, 4,000 పోగా మీ చేతికొచ్చేది 8,000. అదే ఎముక విరిగినా, తలకు దెబ్బ తగిలినా, ఉద్యోగానికి వెళ్ళలేకపోయినా, ఇన్సూరెన్స్ కంపెనీలు తప్పు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటున్నా ఒంటరిగా దిగకండి. ఏయే పాలసీలు ఉన్నాయో వెతకడం, ఆసుపత్రి బాకీలు తగ్గించడం కూడా మంచి లాయర్ చేసే పనే. దెబ్బ చిన్నదైనా పెద్దదైనా, వైద్యం పూర్తికాకుండా రిలీజ్ పత్రం (ఇక క్లెయిమ్ ఏమీ లేదని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టొద్దు. మెడ, నడుము నొప్పులు కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి. సంతకం అయ్యాక ఇక అడగడానికి ఉండదు.

యాప్ కంపెనీ మీదే కేసు వేయాలంటే, యాప్ నిబంధనలకు ఒప్పుకున్నారు కాబట్టి చాలావరకు కోర్టుకు బదులు ఆర్బిట్రేషన్‌కు, అంటే ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకు, వెళ్ళాలి. ఎదుటి కారు డ్రైవర్‌కు ఆ నిబంధనతో సంబంధం లేదు. చిన్న మొత్తమైతే అతని మీద స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు లాయర్ లేకుండానే వెళ్ళొచ్చు: కాలిఫోర్నియాలో 12,500 డాలర్ల దాకా, టెక్సాస్‌లో 20,000 దాకా.

ఏ దారి పట్టినా రైడ్ రసీదు స్క్రీన్‌షాట్, రెండు కార్ల నంబర్లు, పోలీసు రిపోర్ట్ దగ్గరుంచుకోండి. దావా వేయడానికి కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో గడువు మామూలుగా 2 ఏళ్ళు, న్యూయార్క్‌లో 3. గుద్దింది సిటీ బస్సో ప్రభుత్వ వాహనమో అయితే అంత సమయం ఉండదు. కాలిఫోర్నియాలో 6 నెలల్లోపే ఆ శాఖకు రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలి.