వెల్వెట్ దారంతో బొమ్మలు: ఏడాది పైన అల్లాక

కొక్కెం సూదితో దారం అల్లే పనిని క్రోషే అంటారు కదా, అలా కుందేలు బొమ్మ అల్లుకునే కిట్ ఒకటి కొని ఏడాది దాటింది. పెట్టె మీద 'కొత్తవాళ్ళ కోసం' అని పెద్ద అక్షరాలతో ఉంది. లోపల ఏమేం ఉంటాయో క్రోషే వీడియోలు చూసేవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి ఆ జాబితా జోలికి పోను. నేను చెప్పదలచుకున్నదంతా అందులో వచ్చిన దారం గురించే. లావుగా, బొచ్చు బొచ్చుగా, చెంపకు ఆనించుకోవాలనిపించే వెల్వెట్ దారం. షెనీల్ అని కూడా రాస్తారు. కొన్న కొత్తలో ఎవరడిగినా కళ్ళు మూసుకుని ఇదే కొనమన్నాను. ఇప్పుడు అడిగితే ముందు రెండు ప్రశ్నలు వేస్తున్నాను. ఇంతకుముందు క్రోషే సూది ఎప్పుడైనా పట్టారా? ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలున్నారా?

మంచి సంగతి ముందు చెప్పేస్తాను. ఈ దారంతో బొమ్మ త్వరగా అయిపోతుంది. 5 మిల్లీమీటర్ల సూది, దానికి తగ్గ లావు దారం కావడంతో రెండు మూడు సాయంత్రాల్లో కుందేలు తల, ఒళ్ళు, చెవులు అన్నీ తయారు. అదే మిల్క్ కాటన్ అనే నున్నటి సన్న దారంతో, 2.5 మిల్లీమీటర్ల సూదితో మొదలుపెడితే నాలాంటి వాళ్ళకు వారం పట్టినా పడుతుంది, తీరా చూస్తే బొమ్మ అరచేతిలో పట్టేంతే ఉంటుంది. పైగా వెల్వెట్ బొచ్చు మన చేతి వంకరలన్నీ కప్పేస్తుంది. ఒక కుట్టు బిగువుగా, ఒకటి వదులుగా పడినా పైకి తెలీదు. మొదటి బొమ్మే షాపులో కొన్నదానిలా కనిపించేసరికి అపార్ట్‌మెంట్‌లో నా పేరు మారుమోగిపోయింది. పుట్టినరోజు ఆర్డర్లు కూడా వచ్చాయి, ఉచితంగానే అనుకోండి.

వంకరలు కప్పే ఆ బొచ్చే కన్నాలనూ కప్పేస్తుంది. నా కోపమంతా ఇక్కడే.

ఈ రకం బొమ్మల్ని, అదే జపాన్ వాళ్ళ అమిగురుమిని, ఎక్కడా వరస ముగించకుండా గుండ్రంగా చుట్టుకుంటూ అల్లుతారు. ఆరు కుట్లతో మొదలై 12, 18, 24 అంటూ ఒక్కో వరసలో ఆరేసి పెరుగుతాయి. పెంచాలంటే ఒకే కన్నంలో రెండు కుట్లు వేయాలి, తగ్గించాలంటే రెండింటిని కలిపి ఒకటి చేయాలి. విద్య మొత్తం అంతే, లెక్క తప్పకూడదంతే. నూలు దారంతో అల్లితే అంచు మీద ఒక్కో కుట్టు విడివిడిగా కనబడుతుంది, గోటితో తాకుతూ లెక్కపెట్టొచ్చు. వెల్వెట్‌లో అంచు ఉండదు, బొచ్చు ఉంటుంది. ఎక్కడ గుచ్చాలో తెలీదు. ఎక్కడో ఒకచోట గుచ్చుతాం, 24 కావాల్సింది 23 అవుతుంది, నాలుగు వరసలయ్యాక చూసుకుంటే కుందేలు మూతి ఓ పక్కకు తిరిగిపోయి ఉంటుంది. రాత్రి వంటిల్లు సర్దాక ట్యూబ్‌లైటు కింద కూర్చుని ముదురు నీలం దారంతో అల్లి చూడండి, నేను చెప్పేది మీకే అర్థమవుతుంది. ఇంతా చేసి కిట్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మలు చూస్తే కన్నాలు అద్దంలా కనబడతాయి. ఎందుకు కనబడవు, ఆ ఫొటోల్లో వాడింది నున్నటి దారం! పెట్టెలో ఉన్నది ఒకటి, పాఠం చెప్పింది ఇంకొక దానితో.

ఇక మొదలుపెట్టడం. వేలికి దారం చుట్టి, ఆ చుట్టులో ఆరు కుట్లు వేసి, కొస లాగి మధ్య కన్నం మూసేయాలి. మ్యాజిక్ రింగ్ అంటారు. షెనీల్‌లో మధ్యన సన్నటి దారం పేట ఉంటుంది, బొచ్చంతా దాన్ని పట్టుకుని ఉంటుంది. కొస గట్టిగా లాగితే బొచ్చు ఊడి వేళ్ళకు అంటుకుంటుంది, లోపలి దారం బోసిగా బయటపడుతుంది, ఇంకాస్త లాగితే పుటుక్కున తెగుతుంది. నాకు చాలాసార్లు అలాగే తెగింది. రింగ్ మానేసి రెండు చైన్లు, అంటే గొలుసు కుట్లు వేసి, మొదటి చైన్‌లోనే ఆరు కుట్లూ వేసేస్తే సరిపోతుంది. మధ్యలో చిన్న కన్నం మిగిలినా బొచ్చులో కలిసిపోతుంది. ఈ చిట్కా పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తప్పు పడితే విప్పుకోవచ్చులే అనుకోకండి, ఒకటి రెండుసార్లు విప్పేసరికి ఆ దారం నూనూగు పోయి పీలగా తయారవుతుంది, మళ్ళీ అల్లితే ఆ ముక్క ఎక్కడుందో గుర్తుపట్టొచ్చు.

ఇవన్నీ ఓపికతో సర్దుకునేవి. సర్దుకోలేనిది సంక్రాంతికి జరిగింది.

మా చెల్లి పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. వాడికి అప్పుడు ఏడాది నిండలేదు, పళ్ళొస్తున్నాయి, చేతికి ఏది దొరికినా నోట్లోకే. నేనల్లిన లేత గులాబీ కుందేలంటే వాడికి ప్రాణం. చెవి నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే అందరం మురిసిపోయాం. చెల్లి, అమ్మ అరిసెల పాకం దగ్గర ఉన్నారు, నేను వాడి పక్కనే కూర్చుని ముగ్గుకు రంగులు కలుపుతున్నాను. వాడు ఒక్కసారిగా కుందేల్ని వదిలేసి పిడికిలి బిగించి చూసుకుంటున్నాడు. బొమ్మకేసి చూస్తే ఒక కన్ను లేదు. నాకు గుండె ఆగినంత పనైంది. పిడికిలి విప్పదీస్తే ఉంది, నల్లటి ప్లాస్టిక్ కన్ను. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

విచిత్రం ఏమిటంటే కన్ను ఊడలేదు. ఈ కళ్ళకు వెనక కాడ ఉంటుంది, బొమ్మ లోపలి నుంచి దానికి ఒక వాషర్ తొడిగి టిక్కుమనే దాకా నొక్కుతారు. అది ఒకసారి బిగిస్తే ఇక రాదనే సేఫ్టీ ఐస్ అని పేరు. మా వాడి చేతిలో ఉన్నప్పుడు కూడా ఆ వాషర్ కాడకు బిగిసే ఉంది. అంటే వాషర్‌తో సహా కన్ను మొత్తం కుట్ల సందులోంచి బయటికి వచ్చేసింది. 5 మిల్లీమీటర్ల సూదితో అల్లినప్పుడు కుట్టుకీ కుట్టుకీ మధ్య సందు పెద్దదిగా పడుతుంది, వెల్వెట్ జారుడు దారం, లాగిన కొద్దీ సాగుతుంది. చొక్కా గుండీ అంత వాషర్ అందులోంచి జారడానికి పెద్ద బలం అక్కర్లేదు, పళ్ళొచ్చే పిల్లాడి పట్టు చాలు. పైకి బొచ్చు కప్పేసి ఉండటంతో సందు అంతుందని మనకు కనబడదు. అదే దారాన్ని చిన్న సూదితో బిగువుగా అల్లితే కొంత నయం, కానీ కిట్‌లో ఇచ్చిన సూది అదే, పుస్తకంలో చెప్పిందీ అదే.

"అక్కా, బొమ్మ బాగుంది గానీ రెండో కన్ను కూడా పీకేసి ఇవ్వవే" అంది చెల్లి. పీకుదామంటే రాదే! వాషర్ ఊడదీయడానికి మా ఆయన టూల్ బాక్స్‌లోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి కాడ తుంచాల్సి వచ్చింది. తర్వాత కళ్ళ పొట్లం వెతికి చూస్తే మూడేళ్ళలోపు పిల్లలకు తగదని చీమతలంత అక్షరాల్లో ఉంది. అది పెట్టె మీద, ఆ కొత్తవాళ్ళ కోసం అన్న మాట పక్కన ఉండాల్సింది. కిట్ అమ్మినవాళ్ళకు రాస్తే పాటించాల్సిన జాగ్రత్తల పేజీ ఒకటి పంపి ఊరుకున్నారు. అప్పట్నుంచి చిన్నపిల్లల బొమ్మలకు కళ్ళు నల్లదారంతోనే కుడుతున్నాను. కాస్త నిద్రమొహంగా కనబడతాయి, పర్వాలేదు.

ఇంతటితో ఈ దారాన్ని అటక ఎక్కించేసేదాన్నే. మా అత్తయ్యగారు ఆపారు.

ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ లేసు అల్లికకు స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల కాలం నాటి చరిత్ర ఉంది, 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరుతో ముడిపడిన సరుకుకిచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు కంటే చాలా ముందే, ఏజెంటు తెచ్చిచ్చిన దారం కట్టలతో ఇంట్లో కూర్చుని అల్లి కూలి తీసుకున్న మనిషి మా అత్తయ్యగారు. తెల్లటి సన్న దారం, దబ్బనం కంటే సన్నటి ఉక్కు సూది. కళ్ళ ఆపరేషన్ అయ్యాక మానేశారు. నేను విసుక్కుంటూ పక్కన పడేసిన నీలం ఉండ తీసుకుని, "ఇదేం దారం అమ్మాయ్, గొంగళిపురుగులా ఉంది" అని నవ్వి, సీరియల్ చూస్తూనే అల్లడం మొదలుపెట్టారు. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి, చేతుల మీద లేవు.

నేను సీరియల్ వదిలేసి ఆవిడ ఎడమ చెయ్యి చూశాను. మధ్యవేలు అల్లిక లోపలి నుంచి పైకి తోస్తోంది. దాంతో అంచు కొంచెం విచ్చుకుంటుంది. బొటనవేలు పైన అటూ ఇటూ చిన్నగా దొర్లుతుంది, ఎక్కడో ఒకచోట ఆగుతుంది, సూది సరిగ్గా అక్కడికే వస్తుంది. "పైన బొచ్చు చూడమాకు. లోపల ముడి వేలికి తగుల్తది, దాని పక్కనే కన్నం" అన్నారు. లెక్క వేళ్ళ కణుపుల మీద. వరస ఎక్కడ మొదలైందో గుర్తుకు నేను ప్లాస్టిక్ పిన్ను తగిలిస్తే అది బొచ్చులో మాయమైపోయేది. ఆవిడ పసుపు కుట్టుదారం ముక్క ఒకటి వరసకూ వరసకూ మధ్య అడ్డంగా వేసి, మళ్ళీ వరస అక్కడికి రాగానే ఇవతలికి మడిచేవారు. బొమ్మ అయ్యాక లాగేస్తే ఒక్కసారే వచ్చేసింది.

అది నాకు పట్టుబడటానికి చాలా రోజులే పట్టింది. ఇప్పుడు కరెంటు పోయినా నా చెయ్యి ఆగదు. కంటికి కనబడని దారం కాబట్టే వేలితో చూడటం వచ్చిందేమో, ఆ మాట ఒప్పుకోవాలి. అలాగని దీన్ని కిట్ గొప్పతనం కింద రాయలేను. కిట్‌లో అత్తయ్యగారు రారు కదా. ఇంట్లో చేయి తిరిగినవాళ్ళు లేని కొత్తవాళ్ళు ఆ పుస్తకం, వీడియోలు పెట్టుకుని ఈ దారంతో కుస్తీ పడితే మూడో వరసకే విసిగి మానేస్తారు. నా స్నేహితురాలు అలాగే మానేసింది, ఆ కిట్ కూడా ఇప్పుడు నా దగ్గరే ఉంది.

ఉతకడం గురించి రెండు ముక్కలు. బకెట్లో షాంపూ నీళ్ళలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి నీడన ఆరేస్తే బాగానే ఉంటుంది. మా పనమ్మాయి తెలీక మెషీన్లో వేసిన ఎలుగుబంటి చెవుల దగ్గర బోడిగా అయిపోయింది. దూది కిట్‌లో ఇచ్చింది తలకే సరిపోయింది, మిగతాది పరుపుల షాపులో పాలిస్టర్ దూది కొన్నాను. బొమ్మ గట్టిగా ఉండాలని మరీ కూరితే సందులు ఇంకా విచ్చుకుంటాయి, అప్పుడు కళ్ళ కథ మళ్ళీ మొదటికొస్తుంది.

అయితే కొనాలా వద్దా అంటే, అది మీ ఇంటిని బట్టి. నాకు నలభై దాటాయి, చత్వారపు కళ్ళద్దాలు, కూర్చునేది రాత్రి తొమ్మిది తర్వాత. పగటి వెలుగులో అల్లుకునే కుర్రాళ్ళకు నేను పడ్డ పాట్లు సగం ఉండకపోవచ్చు. నన్నడిగితే మొదటి బొమ్మ లేతరంగు మిల్క్ కాటన్‌తో అల్లండి, పెంచడం తగ్గించడం వేళ్ళకు వచ్చాక వెల్వెట్‌కు రండి. ఆ వరసలో వస్తే దీనంత హాయైన దారం లేదు, నేను ఇప్పటికీ కొంటూనే ఉన్నాను. పోయిన నెల గుమ్మడిపండు రంగు నాలుగు ఉండలు తెప్పించాను. చిన్నపిల్లలున్న ఇంటికి ఇచ్చేదైతే ప్లాస్టిక్ కళ్ళు పొట్లంతో సహా పక్కన పెట్టేయండి, ఇందులో మాత్రం బేరం లేదు. ఇక నలుపు, ముదురు నీలం వెల్వెట్ నాకెవరూ బహుమతిగా ఇవ్వొద్దని మా వాళ్ళందరికీ చెప్పేశాను. అత్తయ్యగారికైతే ఇవ్వొచ్చు, ఆవిడకు ఏ రంగైనా ఒకటే.