ముందు ఎండిన బోరు చూశాకే కొత్త పాయింట్ పెట్టిన సార్

చండూరు, మునుగోడు వైపు బత్తాయి తోటలున్న రైతులకు, కొత్త బోరు ఎక్కడ వేయాలో పాత బోరు కూడా చూసి చెప్పే ఈ నీటి సర్వే చేయించుకోమని గట్టిగా చెప్తాను. నల్గొండ నుంచి వచ్చిన జియాలజిస్టు సార్ దిగీ దిగగానే, "ఎండిన బోరు ఏది అన్నా? అందులో మోటారు తీయించు" అన్నాడు.

ఆ బోరులోకి కెమెరా దించాడు. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) ఎక్కడ ఆగిందీ, 70 ఫీట్ల దగ్గర ఎండిపోయిన గ్యాప్ (నీళ్లొచ్చే బండ పగులు), 190 దగ్గర సన్నగా నీళ్లు ఊరుతున్న ఇంకో గ్యాప్, అన్నీ తెర మీద మాకే చూపించాడు. అడుగున నిలిచిన నీళ్లలోకి లాగింగ్ పరికరం కూడా దించాడు, ఏ లోతులో బండ కరెంటును ఎంత అడ్డుకుంటుందో అది గీతగా గీస్తుంది. కేసింగ్ లేని చోట, నీళ్లున్నంత మేరకే అది పనిచేస్తుందట. గట్టి బండ ఉన్నంతసేపు గీత పైనే నడిచి, పగులు రాగానే కిందికి పడింది.

తర్వాత, భూమి కరెంటును ఎంత అడ్డుకుంటుందో పైనుంచే కొలిచే మీటర్. నాలుగు కడ్డీలు వరుసగా పాతి, బయటి రెండిటికి కరెంటు ఇచ్చి, లోపలి రెండిటి మధ్య వోల్టేజీ కొలవడం మన దగ్గర చాలామంది చేసేదే. ఈయన మాత్రం మొదటి కొలత పాత బోరు పక్కనే తీశాడు. మీటర్ లెక్క ఒక్కటే చూస్తే పలుచని బంకమట్టి, మందమైన తడి మొరం ఒకేలా కనపడొచ్చు. కింద నిజంగా ఏముందో పాత బోరు చెప్తుంది కాబట్టి ఆ అనుమానం చాలావరకు తీరుతుంది. ఆ లెక్కతోనే తోటంతా చూసి, వాగు వైపు పాయింట్ పెట్టాడు.

రాజమండ్రి వైపు చమురు బావుల్లో లాగింగ్ చేసే మా అల్లుడికి చెప్తే చాలా మెచ్చుకున్నాడు. కృష్ణా గోదావరి బేసిన్‌లో వాళ్లు చేసేదీ ఇదేనట. భూమిలోకి పంపిన తరంగం తిరిగి రావడానికి పట్టిన టైమే సైస్మిక్ సర్వేలో (తరంగాలతో పొరలు చూసే సర్వేలో) తెలుస్తుంది, లోతు తెలియదు. బావిలో సోనిక్ (రాయిలో శబ్దం వేగం), డెన్సిటీ (రాయి సాంద్రత) లాగ్‌లు తీసి, వాటితో ఆ తరంగం ఎలా రావాలో లెక్కగట్టి, పైన దొరికినదానితో జత చేస్తారు. అప్పుడే ఏ గీత ఏ పొరదో, ఎన్ని మీటర్లలో ఉందో ఖాయమవుతుంది. సెకనుకు 3,000 మీటర్ల వేగం, 30 హెర్ట్జ్ తరంగం అయితే 25 మీటర్లకంటే పలుచని పొర పై అంచు, కింది అంచు విడివిడిగా కనపడవు. అదే బావిలో దించే లాగ్ అయితే అర అడుగుకొకసారి చదువుతుంది.

మా కొత్త బోరులో 180 నుంచి 200 మధ్య అన్న గ్యాప్ 210లో తగిలింది. డ్రిప్‌కు సరిపడా నీళ్లు వస్తున్నాయి. వరికి చాలవు, ఆ మాట సార్ ముందే చెప్పాడు.

ఫీజు మామూలు పాయింట్ చూసేవాళ్లకు దాదాపు రెట్టింపు. ఉత్త బోరుకు పోసే డబ్బుతో పోలిస్తే నాకు ఎక్కువ అనిపించలేదు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఇవ్వడం నచ్చలేదు, రైతుకు తెలుగులో ఇవ్వాలి. ఫ్లోరైడ్ పరీక్ష ఇందులో లేదు. తాగడానికి కూడా వాడేటట్టయితే నీళ్లు విడిగా ల్యాబ్‌కు పంపండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.