వైషి 1000 టైమ్‌గ్రాఫర్: తాతగారి కీ వాచీకి ఎంతవరకు పనికొస్తుంది?

బీరువాలో ఏళ్ల తరబడి పడున్న హెచ్‌ఎంటీ జనతానో, ఫేవర్ లూబానో తీసుకుని బెజవాడ బీసెంట్ రోడ్డుకి వెళ్తే మొదట వినపడే మాట "సర్వీసింగ్ చేయాలండీ". నిజమే కావచ్చు. ఏ జబ్బుకి ఆ సర్వీసింగో తేల్చుకోవడానికి వాచీ టిక్ టిక్‌ని మైకుతో విని, నడక తీరుని తెర మీద చూపే ఈ చైనా మిషను, అంటే టైమ్‌గ్రాఫర్, పనికొస్తుంది. కాకపోతే చేత్తో చూడాల్సినవి ముందే చూసెయ్యాలి.

కీ ఎంత తిప్పినా బిగుసుకోకపోతే మెయిన్‌స్ప్రింగ్ (వాచీని నడిపే పెద్ద స్ప్రింగ్) తెగినట్టు, లేదా అది వెనక్కి విప్పుకోకుండా ఆపే క్లిక్ పట్టడం లేదు. పూర్తిగా బిగుసుకుని కూడా నడవకపోతే "కీ ఎక్కువైంది" అంటారు. అలాంటి జబ్బే లేదు. జిగురైపోయిన నూనె, మురికి, విరిగిన బ్యాలెన్స్ స్టాఫ్ (అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు), వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. కీ ఊడి చేతికొస్తే కీని లోపల పట్టి ఉంచే సెట్టింగ్ లీవర్ స్క్రూ వదులైనట్టు, లేదా స్టెమ్ (కీ వెనకుండే సన్న కడ్డీ) తుప్పు పట్టి విరిగినట్టు. బెజవాడ చెమటకి తుప్పు వింతేమీ కాదు. నడవని వాచీ గురించి మిషను ఒక్క ముక్క కూడా చెప్పదు, దానికి టిక్ టిక్ వినపడాలి కదా.

నడిచే వాచీకైతే నిండా కీ ఇచ్చి, ఓ పావుగంట ఆగి, వాచీ కీ మిషను మైకు లోహానికి తగిలేలా బిగించండి. తెర మీద మూడు అంకెలు వస్తాయి: రోజుకి ఎన్ని సెకన్లు ముందో వెనకో, బ్యాలెన్స్ చక్రం ఊపు ఎన్ని డిగ్రీలో, బీట్ ఎర్రర్ (టిక్‌కీ టక్‌కీ మధ్య వ్యవధిలో తేడా) ఎంతో. జనం మొదటిదే చూస్తారు. చూడాల్సింది రెండోది. సెకన్లను వేగం సరిచేసే రెగ్యులేటర్ మీట కాస్త జరిపి సరిచేసెయ్యొచ్చు. విప్పకుండా పెట్రోలులో ముంచి తీసిన వాచీ కూడా రోజుకి +5 సెకన్లే చూపించగలదు. ఊపు మాత్రం అలా లొంగదు. డయల్ పైకి పెట్టినప్పుడు 270 పైన ఉంటే ఆరోగ్యం, 200 దిగితే నూనె ఎండింది లేదా మెయిన్‌స్ప్రింగ్ సత్తువ పోయింది. డయల్ పైకి బాగుండి, కిందికి తిప్పగానే బాగా పడిపోతే ఒక వైపు పివట్ (ఇరుసు మొన) అరిగినట్టు అనుమానించాలి. నిలబెట్టినప్పుడు 20–40 డిగ్రీలు తగ్గడం సహజం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఊపు లెక్కకట్టడానికి మిషను వాడే కోణాన్ని లిఫ్ట్ యాంగిల్ అంటారు, అది వాచీని బట్టి మారుతుంది. మిషను 52 డిగ్రీలతో వస్తుంది. మీ మూవ్‌మెంట్‌ది (వాచీ లోపలి యంత్రానిది) 48 అయితే, అసలు 240 ఉన్న ఊపు 260గా కనిపిస్తుంది. సెకన్ల లెక్క మాత్రం మారదు. కాబట్టి మూవ్‌మెంట్ నంబరు చూసి ఆ కోణం సరిగ్గా పెట్టండి.

తెర మీద ప్రతి టిక్‌కీ పడే చుక్కలు రెండు గీతలుగా దూరంగా, సమాంతరంగా వస్తే బీట్ ఎర్రర్. 1 మిల్లీసెకను లోపైతే పాత వాచీకి వదిలెయ్యొచ్చు. చుక్కలు చెల్లాచెదురైతే మురికి. రోజుకి కొన్ని వందల సెకన్లు ముందుకి పరిగెడితే హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్న స్ప్రింగ్) చుట్లు అంటుకున్నట్టు: అయితే అయస్కాంతం పట్టి, లేదా నూనె అంటి. దిక్సూచి దగ్గర పెట్టినప్పుడు సూది గట్టిగా తిరిగితే ముందు డీమాగ్నెటైజ్ చేయించండి, ఖర్చు తక్కువ.

అంకెలన్నీ బంగారంలా ఉండి కూడా సాయంత్రానికి పది నిమిషాలు వెనకబడే వాచీలున్నాయి. అది కానన్ పినియన్ (ముళ్లని తిప్పే చిన్న పళ్ల గొట్టం) వదులు: లోపల చక్రాలు సరిగ్గానే తిరుగుతాయి, ముళ్లు జారతాయి. టైము పెట్టేటప్పుడు కీ మరీ తేలిగ్గా తిరగడమే దాని గుర్తు. ఈ లోపం మైకుకి అందదు.

మిషను గురించి ఒకటే చిరాకు: మైకు చెవి మహా పదును. సీలింగ్ ఫ్యానున్న బల్ల మీద పెడితే చుక్కలు ఎగిరిపడి మంచి వాచీని కూడా రోగిష్టిగా చూపిస్తుంది. ఫ్యాను ఆపి, కింద మడతపెట్టిన తువాలు వెయ్యాలి; మే నెలలో ఆ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

నాలుగైదు కీ వాచీలున్న ఇంటికి కొనదగ్గదే. తాతగారిది ఒక్కటే ఉంటే కొనక్కర్లేదు. ఇలాంటి మిషనున్న రిపేరరు దగ్గరికి వెళ్లి, సర్వీసుకి ముందూ తర్వాతా డయల్ పైకి, కిందికి, కీ పైకి, కీ కిందికి పెట్టి అంకెల ఫొటోలు తీయించుకోండి. 24 గంటల తర్వాత కీ ఇవ్వకుండానే ఇంకోసారి చూడమనండి. అప్పుడు ఊపు 180 కంటే తగ్గితే కొత్త మెయిన్‌స్ప్రింగ్ వేశారో లేదో అడగండి.