నిమ్మగడ్డి నూనె పరీక్ష: ఎంటీటీనా, ట్రిపాన్ బ్లూనా?

హనుమకొండలో మా పెరట్లో నిమ్మగడ్డి ఆకు నలిపితే గుప్పుమనేది దాని నూనెలోని సిట్రాల్ అనే పదార్థం వాసన. ఆ నూనెకు క్యాన్సర్ కణాలు చస్తాయా అని చూడటానికి ల్యాబుల్లో ఎక్కువగా చేసేది ఎంటీటీ అనే రంగు పరీక్ష. 96 చిన్న గుంటల ప్లేటులో కణాల మీద నూనె వేసి, తర్వాత పసుపు రంగు ద్రావణం వేస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదా స్ఫటికాలుగా మారుస్తాయి. వాటిని కరిగించి, రంగు ఎంత ఉందో 570 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీస్తారు. ఒకేసారి ఎన్నో మోతాదులు చూడొచ్చు. అయితే నూనె ఆవిరి పక్క గుంటల్లోకి పాకి, నూనె వేయని కణాలనూ దెబ్బతీస్తుంది. అందుకే ప్లేటును గట్టిగా సీల్ చేయాలి. కణం మందగించినా రంగు తగ్గుతుంది, చచ్చిందనుకుంటాం.

ట్రిపాన్ బ్లూ అనే నీలి రంగుతో చేసే పరీక్షలో ఆ తికమక తక్కువ. చచ్చిన కణం నీలంగా మారుతుంది, బతికింది రంగు పట్టకుండా మెరుస్తుంది. మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి, కళ్లు లాగేస్తాయి.

నా ఓటు ముందు ఎంటీటీకి. తేడా కనిపించిన మోతాదులను ట్రిపాన్ బ్లూతో సరిచూడాలి. ఏది చేసినా, మామూలు కణాల మీద కూడా అదే నూనె వేసి చూడాల్సిందే.