రీఫ్ ట్యాంకులో నాచు, ఆర్‌వో-డీఐ యూనిట్: విశాఖ నీళ్లతో చాన్నాళ్లు వాడాక

విశాఖలో కొత్తగా రీఫ్ ట్యాంకు, అంటే ఇంట్లో పగడాలు (కోరల్) పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టేవాళ్లు స్కిమ్మర్‌కీ (నురుగుతో మురికి తీసే పరికరం) లైట్లకీ ధారాళంగా ఖర్చుపెట్టి, నీళ్ల దగ్గరికొచ్చేసరికి వంటింటి ఆర్‌వోతో సరిపెట్టుకుంటారు. కొన్ని వారాలకే ఇసుకమీద గోధుమరంగు పొర, ఆ తర్వాత రాళ్లమీద జుట్టు నాచు. నాచు మందులకంటే, అదనపు నత్తలకంటే ఎక్కువ పనిచేసింది డీఐ రెసిన్ (ఆర్‌వో తర్వాత నీటిలో మిగిలిన లవణాలని పట్టేసే గుళికలు) ఉన్న యూనిటే. ఇక్కడ చెబుతున్నది మామూలు సెట్టు గురించి: 5 మైక్రాన్ సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్ బ్లాక్, 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) ఆర్‌వో మెంబ్రేన్, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు డీఐ గొట్టాలు. స్టిక్కరుమీద ఏ కంపెనీ పేరుందన్నది పెద్ద విషయం కాదు. ఎలా బిగించామన్నదే అసలు సంగతి.

వంటింటి ఆర్‌వో ఎందుకు చాలదంటే, అందులో నీటి రుచికోసం మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, చాలావాటిలో పచ్చి నీటిని కొంత కలిపే టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) అడ్జస్టర్ కూడా ఉంటుంది. తాగడానికి 60 టీడీఎస్ చక్కటి నీరే. కానీ ట్యాంకులో ఆవిరయ్యేది నీరొక్కటే, కరిగి ఉన్నది అక్కడే మిగిలిపోతుంది. 100 లీటర్ల ట్యాంకుకు రోజూ 2 లీటర్ల చొప్పున అలాంటి నీళ్లు పోస్తే నెలకు 3,600 మిల్లీగ్రాముల సరుకు చేరుతుంది, అంటే లీటరుకు 36 మిల్లీగ్రాములు. అందులో సిలికా డయాటమ్‌లకి (ఇసుకమీది గోధుమరంగు పొర ఇవే), నైట్రేటు, ఫాస్ఫేటు ఉంటే అవి పచ్చనాచుకి తిండి. వేసవిలో నీటిని చల్లబరచడానికి ఫ్యాన్లు పెడితే ఆవిరయ్యేది ఇంకా ఎక్కువ. పైగా మన ఉక్కపోతలో ఫ్యాను చల్లబరిచేది కొంతే.

బిగించేటప్పుడు మొదట చూడాల్సింది ఒత్తిడి. డాబామీద ట్యాంకు నుంచి 10 మీటర్ల ఎత్తున దిగిన నీటికి దాదాపు 14 పీఎస్ఐ మాత్రమే వస్తుంది. పై అంతస్తు ఫ్లాటుకైతే 5 కూడా రాదు. మెంబ్రేన్‌కి 50-60 కావాలి. కాబట్టి వంటింటి ఆర్‌వోలకు వాడే 24 వోల్టుల బూస్టర్ పంపు తప్పనిసరి. దానికి లో-ప్రెషర్ స్విచ్ కూడా పెట్టించండి, లేకపోతే పైన నీళ్లయిపోయినప్పుడు పంపు ఉత్తినే తిరిగి పాడవుతుంది. మంచినీరు, వృథా నీరు రెండింటినీ ఒక నిమిషం జగ్గుల్లో పట్టి కొలవండి. ఒకటికి మూడు, నాలుగు వంతులు బయటికి పోవాలి. వృథా తగ్గిద్దామని ఆ పైపులోని రెస్ట్రిక్టర్‌ని (ధారని అదుపు చేసే బిరడా) బిగిస్తే మెంబ్రేన్‌మీద గార పట్టి తొందరగా చస్తుంది. ఆ నీళ్లు బాత్రూముకీ నేల తుడవడానికీ పనికొస్తాయి. బోరు ఉప్పగా ఉంటే మొక్కలకు మాత్రం వద్దు.

మే నెలలో డాబామీద ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. వేడినీటికి మెంబ్రేన్ ధార పెరుగుతుంది కానీ వడపోత సన్నగిల్లుతుంది. సాధారణ మెంబ్రేన్‌లకు గరిష్ఠ హద్దు 45 డిగ్రీలు. అందుకని తెల్లవారుజామునే పట్టుకోవాలి. వానాకాలంలో కుళాయి నీటిలో బురద పెరిగితే సెడిమెంట్ ఫిల్టరు మూడు నెలలు కూడా ఆగదు, రంగు చూసి మార్చేయండి. కార్బన్ ఆరు నెలలకోసారి. అది అయిపోతే క్లోరిన్ నేరుగా మెంబ్రేన్‌ని తినేస్తుంది.

నిర్వహణలో అసలు ఖర్చు రెసిన్‌దే. దాన్ని ఎక్కువకాలం నిలబెట్టేది చిన్న వాల్వు: మెంబ్రేన్‌కీ మొదటి డీఐకీ మధ్య ఒక టీ (మూడు దారుల జాయింటు) పెట్టి, యూనిట్ వేసిన ప్రతిసారీ మొదటి రెండు మూడు నిమిషాల నీళ్లు బయటికి వదలాలి. ఆగి ఉన్న మెంబ్రేన్‌లో నుంచి మొదట వచ్చేది ఎక్కువ టీడీఎస్ నీరు. రోజుకు అరగంట నాలుగుసార్లు నడిపేకంటే వారానికి ఒకేసారి డ్రమ్ము నింపుకోవడం మేలు. బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటే రెసిన్ చూస్తుండగానే రంగు మారి అయిపోతుంది. అలాంటిచోట ఆర్‌వో నీటిని ముందు మూతలేని డ్రమ్ములో పట్టి, రాత్రంతా గాలిరాయితో బుడగలు పట్టించి, తర్వాత డీఐ గుండా పంపితే చాలా ఆదా.

రెండు డీఐలు ఎందుకో కొత్తవాళ్లు తప్పక తెలుసుకోవాలి. రెసిన్ అలిసిపోయేటప్పుడు ముందుగా జారిపోయేవాటిలో సిలికా ఒకటి. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతని, సిలికా అందులో సరిగా కనబడదు. మీటరు సున్నా చూపిస్తూనే ఉంటుంది, ఇసుక మళ్లీ గోధుమరంగుకి తిరుగుతుంది. అందుకే మొదటి గొట్టం తర్వాత మీటరు 1 చూపగానే దాన్ని తీసేసి, రెండోదాన్ని మొదటి స్థానంలోకి జరిపి, కొత్తది చివర పెట్టాలి. ఇత్తడి ఫిట్టింగులు ఈ లైనులో ఎక్కడా వద్దు, రాగి నత్తలనీ కోరల్‌నీ చంపుతుంది.

ఇక ఈ యూనిట్ చేయలేనిది. డయాటమ్‌లు కొన్ని వారాల్లో తగ్గుతాయి కానీ జుట్టు నాచు దీనొక్కదానితో పోదు. దానికి ఫాస్ఫేటు రాళ్లలోంచీ తిండిలోంచీ వస్తుంది. ఎండు రాయి పీల్చుకున్న ఫాస్ఫేటుని నెలల తరబడి వదులుతూనే ఉంటుంది. పుట్టేదంతా నాచు తినేస్తుంది కాబట్టి పరీక్షలో సున్నా వచ్చినా నమ్మకూడదు. ముందు టూత్‌బ్రష్‌తో గీకుతూ సన్న పైపుతో లాగేయండి, 10-15 శాతం నీళ్లు మార్చి అప్పుడు కొలవండి. హన్నా ఫాస్ఫరస్ చెకర్ అనే చిన్న మీటరు ఫాస్ఫరస్‌ని పీపీబీలో (వంద కోట్లలో ఎన్ని వంతులో) చూపిస్తుంది. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేటు పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులో) వస్తుంది. మీటరులో 10 నుంచి 33 పీపీబీ మధ్య ఉంటే బాగున్నట్టే. తిండి విషయంలో, ప్రాసెసింగ్ చేసిన ఫ్రోజెన్ రొయ్యల్లో నీటిని పట్టి ఉంచడానికి ఫాస్ఫేటు లవణాలు కలపడం మామూలు. ఫిషింగ్ హార్బరు దగ్గర దొరికే తాజా రొయ్యని కడిగి సన్నగా తరిగి వేయడం అంతకంటే నయం.

జీఎఫ్‌వో (ఫాస్ఫేటుని పట్టేసే ఇనుప ఆక్సైడ్ గుళికలు) వాడితే 100 లీటర్లకు మూడు టేబుల్ స్పూన్లతో మొదలుపెట్టండి, డీఐ నీటితో ఎర్రరంగు పోయేదాకా కడిగాకే. డబ్బామీద రాసిన పూర్తి మోతాదు ఒక్కసారే వేస్తే ఫాస్ఫేటు సున్నాకు పడిపోతుంది. అప్పుడొచ్చే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్‌లు) జుట్టు నాచుకంటే మొండివి: బుడగలున్న గోధుమరంగు జిగురు, రాత్రికి సన్నగిల్లి మధ్యాహ్నానికి మళ్లీ పరుచుకుంటుంది. అది కనబడితే జీఎఫ్‌వో తీసేసి, నీళ్లు మార్చడం ఆపి, ఫాస్ఫేటుని 0.05 పీపీఎం పైకి, నైట్రేటుని 5 పీపీఎం పైకి తీసుకురావాలి. శుభ్రం చేసేకొద్దీ పెరిగే నాచు ఇదే కాబట్టి ముందు గుర్తుపట్టడం ముఖ్యం.

పక్కనే సముద్రం ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. ఆర్కే బీచ్‌లో ముంచిన నీళ్లతోపాటు గెడ్డల (ఊళ్లోంచి సముద్రంలోకి పారే కాలువల) మురుగు కూడా వస్తుంది. పైగా వానల తర్వాత బంగాళాఖాతం తీరపు నీటిలో ఉప్పు బాగా తగ్గుతుంది, రీఫ్‌కి కావాల్సిన 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35) ఉండదు. రాళ్లు, కోరల్ తీసుకురావడం అసలు తలపెట్టొద్దు. గట్టి కోరల్ జాతులన్నీ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షితాలే.

ట్యాంకు 40 లీటర్లలోపైతే మొత్తం యూనిట్ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఆర్‌వోని మెకానిక్‌తో విప్పించి, మెంబ్రేన్ నుంచి వచ్చే మంచినీటి పైపుకి ఒక టీ, వాల్వు పెట్టించండి. అది మినరల్ కార్ట్రిడ్జ్, అడ్జస్టర్ పైపు కలిసే చోటికి ముందే ఉండాలి. దానికి రెండు చిన్న డీఐ గొట్టాలు తగిలిస్తే వారానికి సరిపడా నీళ్లు ఒక టిన్నులో పట్టుకోవచ్చు.